క్యాసినో బల్లల మీద పోకర్ రకాలు

పోకర్ అన్నది ఒక్క ఆట పేరు కాదు, ఒక పేకాటల కుటుంబం పేరు. ముక్కలు దాచుకుని విడతలు విడతలుగా పందెం కాస్తారు. చివరికి అందరికంటే మేలైన ముక్కలు చూపినవాళ్లో, పందెం పెంచి మిగతావాళ్లందరినీ తప్పుకునేలా చేసినవాళ్లో మధ్యలో పోగైన సొమ్మును తీసుకుంటారు. క్యాసినోల్లో ఈ పేరుతో కనిపించే బల్లలు రెండు తెగలు. మొదటి తెగలో ఆటగాళ్లు ఒకరి మీద ఒకరు ఆడతారు. అక్కడ క్యాసినో ముక్కలు పంచి, పందెపు సొమ్ములోంచి కొంత రుసుము తీసుకుని పక్కకు తప్పుకుంటుంది. రెండో తెగలో ప్రతి ఆటగాడూ క్యాసినో మీదే ఆడతాడు, ఎదుటి ముక్కలు డీలర్‌వి. రెండు చోట్లా చేతుల (ముక్కల కలయికల) పేర్లూ, వాటి హెచ్చుతగ్గులూ దాదాపు ఒకటే కాబట్టి ఇవి ఒకే ఆటకు రెండు రూపాలని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇవి వేర్వేరు ఆటలు. మొదటిదానిలో బ్లఫ్, అంటే లేని బలం ఉన్నట్టు పందెం కాయడం, ఉంటుంది, రెండోదానిలో ఉండదు. పోకర్ రకాల గురించి తెలుసుకోవాల్సిన వాటిలో ముందు తెలుసుకోవాల్సింది ఇదే.

బ్లఫ్‌కు ఆధారం లెక్కలోనే ఉంది. 52 ముక్కల పేకలోంచి అయిదు ముక్కలు 25,98,960 రకాలుగా పడవచ్చు. వీటిలో రాయల్ ఫ్లష్‌లు, అంటే ఒకే గుర్తులో పది నుంచి ఆసు దాకా వచ్చేవి, కేవలం 4. మిగతా స్ట్రెయిట్ ఫ్లష్‌లు 36. ఒకే అంకె ముక్కలు నాలుగూ పడే చేతులు 624. మూడు ఒక రకం, రెండు ఒక రకంగా ఉండే ఫుల్ హౌస్‌లు 3,744. ఒకే గుర్తు ముక్కలు అయిదుండే ఫ్లష్‌లు 5,108. వరస ముక్కలుండే స్ట్రెయిట్‌లు 10,200. ఆ కింద మూడు ఒకే రకం, రెండు జతలు, ఒక జత వస్తాయి. ఎంత అరుదైతే అంత పెద్ద చెయ్యి. చివరి అంకె మాత్రం గుర్తుపెట్టుకోదగ్గది: 13,02,540 చేతుల్లో జత కూడా ఉండదు. అంటే సగానికి పైగా సందర్భాల్లో అయిదు ముక్కల్లో ఏమీ పడదు. ఎదుటివాడి చేతిలో కూడా ఏమీ ఉండకపోవచ్చన్న ఈ ఎరుక వల్లే ఖాళీ చేత్తో పెద్ద పందెం కాయడానికి అర్థం ఏర్పడింది.

ఆట పుట్టింది అమెరికాలో, 19వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో, న్యూ ఆర్లియన్స్ చుట్టుపక్కలా మిసిసిపీ నది మీది ఆవిరి పడవల్లోనూ. 1829 డిసెంబరులో అలాంటి పడవలో తాను చూసిన ఆటను జోసెఫ్ కోవెల్ అనే ఇంగ్లీషు నటుడు తన జ్ఞాపకాల్లో వర్ణించాడు. అప్పటి పేకలో ముక్కలు ఇరవయ్యే: ఆసు, రాజు, రాణి, జాకీ, పది. నలుగురికి అయిదేసి పంచితే పేక అయిపోయేది. మార్చుకోవడానికి ముక్క మిగిలేది కాదు. తర్వాతి దశాబ్దాల్లో 52 ముక్కల పేక వచ్చాక ఎక్కువమంది కూర్చునే వీలు, నచ్చని ముక్కలు పారేసి కొత్తవి తీసుకునే వీలు కలిగాయి. అమెరికా అంతర్యుద్ధ కాలానికి డ్రా, స్టడ్ అనే రెండు పెద్ద శాఖలు స్థిరపడ్డాయి.

డ్రా పోకర్‌లో అయిదు ముక్కలూ చేతిలోనే, మూసే ఉంటాయి. ఒక విడత పందెం, ముక్కల మార్పిడి, మళ్లీ పందెం, ఆపైన చూపించడం. ఎదుటివాడు ఎన్ని ముక్కలు మార్చాడన్నదొక్కటే బయటికి తెలిసే సంగతి. స్టడ్‌లో మార్పిడి లేదు కానీ కొన్ని ముక్కలు బల్ల మీద తెరిచి పెడతారు. ఈ రెంటిలో ఏది బతకాలో కొంతవరకు చట్టమే నిర్ణయించింది. కాలిఫోర్నియా 1885లో నిషిద్ధ జూదాల జాబితాలో స్టడ్-హార్స్ పోకర్‌ను చేర్చింది, డ్రాను చేర్చలేదు. దాంతో లాస్ ఏంజెలెస్ దగ్గరి గార్డెనా పట్టణంలో 1936 నుంచి వెలసిన కార్డ్ క్లబ్బుల్లో దశాబ్దాల తరబడి డ్రా పోకరే ఆడారు. 1987లో అక్కడ స్టడ్‌కూ హోల్డెమ్‌కూ దారి తెరుచుకున్నాక డ్రా బల్లలు త్వరగానే ఖాళీ అయ్యాయి. ఇప్పుడు అయిదు ముక్కల డ్రా క్యాసినోలో ఎక్కువగా కనిపించేది బల్ల మీద కాదు, 1970ల చివర్లో వచ్చిన వీడియో పోకర్ యంత్రాల తెరల మీద.

సెవెన్ కార్డ్ స్టడ్ కొంతకాలం అమెరికా క్యాసినోల్లో రాజ్యమేలింది. అందరూ ముందుగా యాంటీ అనే చిన్న మొత్తం వేస్తారు. ఒక్కొక్కరికి రెండు మూసిన ముక్కలు, ఒక తెరిచిన ముక్క వస్తాయి. తెరిచిన వాటిలో అతి చిన్నది ఎవరిదైతే వాళ్లే మొదటి పందెం కట్టాలి. తర్వాత ఒక్కొక్కటిగా మరో మూడు తెరిచిన ముక్కలు, చివరికి ఒక మూసిన ముక్క. ఏడింటిలోంచి మేలైన అయిదు ఎంచుకోవాలి. ఈ ఆటలో జ్ఞాపకశక్తికి ఉన్న విలువ మరే పోకర్‌లోనూ లేదు. నా చేతిలో రాజుల జత ఉండి, ఇందాక తప్పుకున్న ఇద్దరి ముందు చెరో రాజు తెరిచి ఉంటే, మూడో రాజు నాకు ఎప్పటికీ రాదు. ఆ రెండు ముక్కలూ డీలర్ తీసేసిన తర్వాత వాటిని గుర్తుంచుకోవాల్సింది నేనే. ఎనిమిదిమంది చివరిదాకా ఉంటే 56 ముక్కలు కావాలి, పేకలో ఉన్నవి 52. అలా జరిగినప్పుడు ఆఖరి ముక్కను అందరికీ ఉమ్మడిగా బల్ల మధ్యలో పెడతారు. ఇంత శ్రద్ధ అడిగే ఆట ఇప్పుడు చాలా క్యాసినోల్లో కనుమరుగవుతోంది, అది పోకర్‌కు నష్టమే.

దాని స్థానాన్ని ఆక్రమించింది టెక్సాస్ హోల్డెమ్. ఆ ఆట పుట్టిన ఊరు రాబ్స్‌టౌన్ అని టెక్సాస్ చట్టసభ 2007లో తీర్మానించింది. లాస్ వేగాస్‌కు దాన్ని తెచ్చినవాడిగా కార్కీ మెక్‌కార్కడేల్ పేరు చెబుతారు. అక్కడ అది 1963లో కాలిఫోర్నియా క్లబ్ అనే క్యాసినోలో మొదలైంది. ఒక్కొక్కరికి రెండే మూసిన ముక్కలు. బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా అయిదు: మొదట మూడు కలిపి తెరుస్తారు, దాన్ని ఫ్లాప్ అంటారు. తర్వాత ఒకటి టర్న్, చివరిది రివర్. ప్రతి విడతకూ పందెం. అందరూ యాంటీ వేయడానికి బదులు డీలర్ స్థానాన్ని సూచించే బొత్తానికి ఎడమ పక్కనున్న ఇద్దరు చూడకుండానే చిన్న బ్లైండ్, పెద్ద బ్లైండ్ వేస్తారు. ఆ బొత్తాం ప్రతి ఆటకూ ఒక చోటు ముందుకు జరుగుతుంది కాబట్టి చివరగా మాట్లాడే అవకాశం వంతులవారీగా అందరికీ వస్తుంది.

ఒక ఆటను దగ్గరగా చూద్దాం. ఒకటి-రెండు డాలర్ల బ్లైండ్ల బల్ల. నా దగ్గర ఇస్పేటు ఆసు, ఇస్పేటు జాకీ. ముందున్నవాడు పది డాలర్లు వేస్తే నేనూ వేశాను, మిగతావాళ్లు తప్పుకున్నారు. ఫ్లాప్‌లో ఇస్పేటు తొమ్మిది, ఇస్పేటు నాలుగు, ఆటీను రాజు పడ్డాయి. ఇంకో ఇస్పేటు పడితే నాదే అతి పెద్ద ఫ్లష్. నాకు కనబడని 47 ముక్కల్లో ఇస్పేట్లు తొమ్మిది. రాబోయే రెండు ముక్కల్లో ఒకటైనా ఇస్పేటు పడే అవకాశం సుమారు 35 శాతం. ఎదుటివాడి దగ్గర రాజుల జత ఉండొచ్చు. ఇప్పుడు నేను పెద్ద పందెం కాస్తే రెండు దారుల్లో గెలవగలను: అతను తప్పుకుంటే ఇప్పుడే, తప్పుకోకపోతే ఇస్పేటు పడినప్పుడు. పేకాటగాళ్లు సెమీ బ్లఫ్ అనేది దీన్నే. ఈ ఎత్తుకు చోటిచ్చే ఆట కావడం వల్లే హోల్డెమ్‌కు అంత లోతు. మూసిన ముక్కలు రెండే అయినా వాటి కలయికలు 1,326. ఆసుల జత సగటున 221 ఆటలకు ఒకసారి మాత్రమే వస్తుంది.

పందేనికి హద్దు ఎంతన్నది మరో తేడా. లిమిట్ బల్లలో ప్రతి పందేనికీ నిర్ణీత మొత్తం ఉంటుంది. పాట్ లిమిట్‌లో మధ్యలో పోగైనంత మేరకే పెంచవచ్చు. నో లిమిట్‌లో ముందున్న చిప్స్ మొత్తం ఒక్కసారిగా తోసేయవచ్చు. లాస్ వేగాస్‌లో బెన్నీ బినియన్ తన హార్స్‌షూ క్యాసినోలో 1970లో మొదలుపెట్టిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీ మరుసటి ఏడాది నుంచి నో లిమిట్ హోల్డెమ్‌లోనే జరుగుతోంది. దీన్ని ఇంటింటికీ చేర్చింది టెలివిజన్. మూసిన ముక్కలను ప్రేక్షకులకు చూపే కెమెరా ఏర్పాటుకు బొమ్మల తయారీదారు హెన్రీ ఒరెన్‌స్టీన్ 1995లో పేటెంటు పొందాడు. అంతదాకా టీవీలో పోకర్ అంటే కదలకుండా కూర్చున్న మనుషులు. బ్లఫ్ చేస్తున్నవాడి ముక్కలు మనకు తెలిసి, ఎదుటివాడికి తెలియకపోయేసరికి అది నాటకమైంది. 2003లో క్రిస్ మనీమేకర్ అనే టెన్నెసీ అకౌంటెంట్ ఆన్‌లైన్ అర్హత పోటీ ద్వారా వచ్చి 839 మందిలో గెలిచి 25 లక్షల డాలర్లు తీసుకెళ్లాడు. 2006 నాటికి పోటీదారుల సంఖ్య 8,773కు పెరిగింది, 2023లో పదివేలు దాటింది.

ఒమాహా హోల్డెమ్‌కు తోబుట్టువు. 1980ల తొలినాళ్లలో రాబర్ట్ టర్నర్ అనే ఆటగాడు ఈ ఆటను లాస్ వేగాస్ గోల్డెన్ నగెట్ క్యాసినోకు పరిచయం చేశాడు. చేతికి నాలుగు ముక్కలు వస్తాయి, బల్ల మీద అయిదే. కానీ చేతిలోంచి కచ్చితంగా రెండు, బల్ల మీంచి కచ్చితంగా మూడు వాడాలి. కొత్తవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. బల్ల మీద నాలుగు ఇస్పేట్లు పడి, చేతిలో ఇస్పేటు ఆసు ఒక్కటే ఉంటే హోల్డెమ్‌లో అది గెలిచే ఫ్లష్, ఒమాహాలో అసలు ఫ్లషే కాదు. నాలుగు ముక్కల్లోంచి రెండు ఆరు విధాలుగా, అయిదింటిలోంచి మూడు పది విధాలుగా తీయవచ్చు కాబట్టి ఒక్కో ఆటగాడికి అరవై చేతులు ఏర్పడతాయి. అందువల్ల గెలిచే చెయ్యి పెద్దదిగా ఉంటుంది, పందేలు ఉధృతంగా సాగుతాయి. ఎక్కువగా పాట్ లిమిట్‌లో ఆడతారు. మన దేశపు పోకర్ గదుల్లో అయిదు ముక్కల ఒమాహాకూ ఆదరణ ఉంది. హై-లో ఒమాహాలో సొమ్ము సగం పెద్ద చేతికి, సగం ఎనిమిదికి మించని అయిదు వేర్వేరు అంకెల చిన్న చేతికి పోతుంది. అలాంటి చిన్న చెయ్యి ఎవరికీ పడకపోతే మొత్తం పెద్ద చేతిదే.

చిన్న చెయ్యే గెలిచే ఆటలు లోబాల్ శాఖలోవి. సెవెన్ కార్డ్ స్టడ్‌ను తలకిందులు చేస్తే రాజ్, అందులో ఆసు-రెండు-మూడు-నాలుగు-అయిదు అన్నిటికంటే మేలు. డ్యూస్ టు సెవెన్‌లో స్ట్రెయిట్, ఫ్లష్ పడటమే దోషం, ఆసు పెద్ద ముక్క, కాబట్టి రెండు-మూడు-నాలుగు-అయిదు-ఏడు గెలుస్తుంది. వీటికి విడిగా బల్లలు అరుదు. హోల్డెమ్, హై-లో ఒమాహా, రాజ్, స్టడ్, హై-లో స్టడ్‌లను వంతులవారీగా ఆడే హార్స్ లాంటి మిశ్రమ ఆటల్లో ఇవి బతికున్నాయి. 2006లో వరల్డ్ సిరీస్‌లో 50 వేల డాలర్ల ప్రవేశ రుసుముతో తొలిసారి జరిగిన హార్స్ పోటీని చిప్ రీస్ గెలిచాడు. మరుసటి ఏడాది ఆయన మరణించాక ఆ పోటీ ట్రోఫీకి ఆయన పేరే పెట్టారు. అన్ని రకాల్లో ఆరితేరినవాడే అసలైన ఆటగాడు అన్న పాత భావనకు ఆ పోటీ ఇప్పటికీ నిలువుటద్దం.

ఆసియాలోని భారీ పందేల బల్లల మీద పేరు తెచ్చుకున్న షార్ట్ డెక్‌లో రెండు నుంచి అయిదు దాకా ముక్కలు తీసేసి 36తోనే ఆడతారు. ముక్కలు తగ్గితే అరుదైనవి మారిపోతాయి: ఈ పేకలో ఫ్లష్‌లు 480 మాత్రమే, ఫుల్ హౌస్‌లు 1,728. అందుకే ఇక్కడ ఫ్లష్ ఫుల్ హౌస్‌ను ఓడిస్తుంది.

ఇక రెండో తెగ. క్యాసినో దృష్టిలో పోకర్ గదిది పెద్ద ఆదాయం కాదు. ఒక్కో పాట్‌లోంచి 5 నుంచి 10 శాతం, అదీ ఒక పరిమితి మేరకు, రేక్ అనే పేరుతో తీసుకుంటుంది, లేదా కూర్చున్న సమయానికి రుసుము వసూలు చేస్తుంది. బ్లాక్‌జాక్ బల్లలా ప్రతి పందెం మీదా ఆధిక్యం ఉండే పోకర్ కావాలన్న కోరికలోంచి 1980ల నుంచి కొత్త ఆటలు వరసగా వచ్చాయి. వీటిలో చాలావాటికి పేటెంట్లు, ట్రేడ్‌మార్కులు ఉంటాయి, క్యాసినోలు హక్కుదారులకు అద్దె కడతాయి. నది మీది పడవల్లో ఎవరు కనిపెట్టారో తెలియని ఆటకూ వీటికీ పుట్టుకలోనే అంత తేడా.

వీటిలో ముందు చెప్పుకోవాల్సింది కరేబియన్ స్టడ్. ఆటగాడికి అయిదు, డీలర్‌కు అయిదు ముక్కలు. డీలర్‌ది ఒకటే తెరిచి ఉంటుంది. యాంటీ వేసిన ఆటగాడు ముక్కలు చూసి తప్పుకోవాలి, లేదా యాంటీకి రెండింతలు అదనంగా పెట్టాలి. డీలర్‌కు కనీసం ఆసు-రాజు లేకపోతే ఆట అక్కడితో సరి: యాంటీకి సమానంగా ఇస్తారు, అదనంగా పెట్టింది వెనక్కి వస్తుంది. అరుదుగా నాలుగు రాణులు పడినప్పుడు డీలర్ చెయ్యి అర్హత పొందకపోతే, ఇరవై రెట్లు రావాల్సిన చోట యాంటీ ఒక్కటే దక్కుతుంది. బ్లఫ్ లేని పోకర్ ఎలా ఉంటుందో ఈ క్షణంలో బాగా తెలుస్తుంది. డీలర్‌ను భయపెట్టలేం, ప్రలోభపెట్టీ నిలపలేం, ముక్క ఎలా పడితే అలా. ఎంత బాగా ఆడినా యాంటీ మీద క్యాసినోకు దీర్ఘకాలంలో సుమారు 5.2 శాతం మిగులుతుంది.

లెట్ ఇట్ రైడ్ పుట్టుక చిత్రమైంది. పేక కలిపే యంత్రాలు తయారుచేసిన షఫుల్ మాస్టర్ సంస్థ స్థాపకుడు జాన్ బ్రీడింగ్, ప్రతి ఆటకూ ఒక్క పేకను కలపాల్సిన ఆట ఉంటే తన యంత్రాలు అమ్ముడవుతాయని ఆలోచించి 1993లో దీన్ని తెచ్చాడు. ఆటగాడు మూడు సమానమైన పందేలు పెడతాడు. ముక్కలు తెరుచుకునే కొద్దీ వాటిలో రెంటిని వెనక్కి తీసుకోవచ్చు. డీలర్ చేతిని ఓడించే పనే లేదు, పదుల జత లేక అంతకు మించింది పడితే చాలు.

తెలుగువాళ్లకు చప్పున అర్థమయ్యేది త్రీ కార్డ్ పోకర్. డెరెక్ వెబ్ అనే బ్రిటిష్ ఆటగాడు 1994లో రూపొందించాడు. బ్రిటన్‌లోని బ్రాగ్ దీనికి దగ్గరి చుట్టం, మన మూడు ముక్కలాటకూ అదే మూలం. మూడు ముక్కలు చూసుకుని యాంటీకి సమానంగా మరో పందెం పెట్టాలి, లేదా తప్పుకోవాలి. డీలర్‌కు కనీసం రాణి ఉంటేనే పోటీ. రాణి-ఆరు-నాలుగు లేక అంతకు మించినది ఉంటే ఆడాలి, లేకపోతే తప్పుకోవాలి. వ్యూహం అంతే. అలా ఆడినప్పుడు యాంటీ మీద క్యాసినో ఆధిక్యం సుమారు 3.4 శాతం. పండగ రాత్రుల్లో ఇంట్లో ఆడే ఆట అనుకుని ఈ బల్ల దగ్గర కూర్చుంటే ఒక తేడా ఇబ్బంది పెడుతుంది. మన ఆటలో మూడూ ఒకే అంకె అయిన ట్రయల్‌ను మించింది లేదు. త్రీ కార్డ్ పోకర్‌లో ఒకే గుర్తు వరసే పెద్దది. మూడు ముక్కలు మొత్తం 22,100 రకాలుగా పడతాయి, వాటిలో ట్రయల్‌లు 52, ఒకే గుర్తు వరసలు 48. నాలుగు తక్కువ కాబట్టి వెబ్ ఆట వాటికి పెద్దపీట వేసింది. మన ఆట ఆ లెక్కను పట్టించుకోలేదు. వరస మాత్రం రెండు ఆటల్లోనూ కలర్ (మూడూ ఒకే గుర్తు ముక్కలు) కంటే పెద్దదే, ఎందుకంటే మూడే ముక్కల్లో వరసలు 720, కలర్‌లు 1,096.

పాయ్ గౌ పోకర్‌ను 1985లో కాలిఫోర్నియాలో బెల్ కార్డ్ క్లబ్ యజమాని సామ్ టొరోసియన్ తయారుచేశాడు. పేరు చైనీయుల డొమినో ఆట నుంచి వచ్చింది. 52 ముక్కలకు ఒక జోకర్ కలిపి ఒక్కొక్కరికి ఏడు పంచుతారు. వాటిని అయిదు ముక్కల చెయ్యి, రెండు ముక్కల చెయ్యిగా విడదీయాలి, రెండోది మొదటిదాన్ని మించకూడదు. రెండూ డీలర్‌వాటిని మించితేనే గెలుపు, ఒకటి గెలిచి ఒకటి ఓడితే పందెం వెనక్కి. ఇలా తేలని ఆటలే పదింటిలో నాలుగు ఉంటాయి కాబట్టి కొద్ది డబ్బుతో చాలాసేపు కూర్చోగలిగే బల్ల ఇది. గెలుపు మీద 5 శాతం కమిషన్ కట్టాలి. క్యాసినో మీద ఆడే పోకర్‌లలో ఆలోచనకు ఎక్కువ పని పెట్టేది కూడా ఇదేనని నా అభిప్రాయం. టొరోసియన్ దీనికి పేటెంట్ తీసుకోలేదు, లోకమంతా ఆడినా ఆయనకు రుసుము రాలేదు.

అల్టిమేట్ టెక్సాస్ హోల్డెమ్ పేరులో హోల్డెమ్ ఉన్నా ఈ తెగదే. మొదటి రెండు ముక్కలు చూసి ధైర్యం చేస్తే యాంటీకి నాలుగింతలు పెట్టవచ్చు, ఫ్లాప్ దాకా ఆగితే రెండింతలే, చివరిదాకా ఆగితే ఒక్కింతే. జాగ్రత్తగా ఆగడం ఇక్కడ పొరపాటు: ఆసు ఏ ముక్కతో కలిసి వచ్చినా మొదట్లోనే నాలుగింతలు పెట్టాలన్నది లెక్క చెప్పే మాట. సరిగ్గా ఆడితే యాంటీ మీద క్యాసినో ఆధిక్యం సుమారు 2.2 శాతం. ఈ ఆటలన్నిటి పక్కనా జత ఉంటే ఇంత, ఫ్లష్ పడితే అంత అంటూ పక్క పందేలు మెరుస్తుంటాయి. ప్రధాన పందెం కంటే క్యాసినోకు ఎక్కువ లాభం వాటిలోనే ఉంటుంది.

భారతదేశంలో జూదం రాష్ట్రాల పరిధిలోని విషయం కాబట్టి పోకర్ పరిస్థితి రాష్ట్రానికో తీరు. పశ్చిమ బెంగాల్ 1957 చట్టం జూదం నిర్వచనం నుంచి పోకర్‌ను పేరు పెట్టి మినహాయించింది. గుజరాత్ హైకోర్టు 2017లో దాన్ని జూదంగానే చూసింది. ఈ చర్చకు మూలమైన తీర్పు తెలుగు నేల మీది కేసులో వచ్చింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవాళ్ల మీద పాత హైదరాబాద్ గ్యాంబ్లింగ్ చట్టం కింద పెట్టిన కేసులో, రమ్మీలో పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి కనుక అది ప్రధానంగా నైపుణ్యపు ఆట అని సుప్రీంకోర్టు తేల్చింది. 1968 నాటి సత్యనారాయణ కేసుగా న్యాయవాదులు ఉదహరించేది దీన్నే. మూడు ముక్కలాటను మాత్రం అదే తీర్పు కేవలం అదృష్టపు ఆటగా పేర్కొంది. ఆ కొలతతో చూస్తే సెవెన్ కార్డ్ స్టడ్, హోల్డెమ్ రమ్మీ వైపు, త్రీ కార్డ్ పోకర్ మూడు ముక్కలాట వైపు చేరతాయి. పోకర్ నైపుణ్యమా, అదృష్టమా అని ఒక్క ప్రశ్నగా అడిగితే జవాబు దొరకకపోవడానికి కారణం ఇదే.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించాయి. 2025లో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా డబ్బుతో కూడిన ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా ఆపింది. చట్టబద్ధంగా బల్ల ముందు కూర్చుని ఆడే క్యాసినోలు గోవాలో, సిక్కింలో ఉన్నాయి. గోవా చట్టం బల్లల ఆటలకు నీటి మీది నౌకల్లో అనుమతిచ్చింది, ఒడ్డున ఉన్న అయిదు నక్షత్రాల హోటళ్లకు యంత్రాల ఆటలు కేటాయించింది. అందుకే పణజిలో మాండవి నది మీద లంగరేసిన నౌకల్లోనే పోకర్ గదులు ఉంటాయి, వాటి పక్కనే మూడు ముక్కలాటకు ఇండియన్ ఫ్లష్ అనే పేరుతో డీలర్ మీద ఆడే బల్లలూ కనిపిస్తాయి.